తెగిన బెల్టు

తాండూరులో నాపరాళ్ల వ్యాపారం చేసే చంద్రవ్వ బొంబాయి నుంచి విమానంలో వస్తుంటే, ఎదురొచ్చిన మరో విమానాన్ని తప్పించడానికి పైలట్ తమ విమానాన్ని ఒక్కసారిగా కిందికి దించాడు. ఆమె ఎగిరి పైకప్పుకు కొట్టుకుంది. భుజం విరిగింది.

వికారాబాద్ ఆసుపత్రికి విమాన కంపెనీ మనిషి బత్తాయిలతో వచ్చాడు. "పైలట్ మీ ప్రాణం కాపాడాడమ్మా. బెల్టు పెట్టుకోలేదని విచారణలో ఒక్క మాట చెప్పండి."

"చెప్పరాదూ వదినా, నీదేం పోతది?" అన్నాడు మరిది జంగప్ప.

బతికించినవాళ్లు ఏమడిగినా తలూపాలనే ఆరాటం తనలోనూ ఉంది. చంద్రవ్వకు దాని మీదే కోపం వచ్చింది.

"పైలట్‌కు దండం పెడ్త. గానీ బెల్టు పెట్టుకున్న, అదే తెగింది. గదే చెప్త. గీ బత్తాయిలు తీస్కపో సారూ."