ఫ్రిజ్ ఆపిన రోజు

మా ఆయనకు పెద్ద అవార్డు వచ్చిందని తెలిసి వీధిలో వాళ్లంతా వచ్చి అభినందించారు. దేనికిచ్చారని అడిగిన వాళ్లకు సీతాకోకచిలుక గుడ్లకని చెబితే, మర్యాదకు ఇంకో బిస్కెట్ తీసుకుని లేచి వెళ్లిపోయారు.

విషయం నిజానికి చిన్నదే. ఒక జాతి సీతాకోకచిలుక గుడ్లు చలిరోజులను లెక్కపెట్టుకుంటాయట. నలభై నిండితేనే పగులుతాయి, ముప్పై తొమ్మిదికి ససేమిరా అంటాయి. ఈ మాట నలుగురూ నమ్మడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

మొదటి ప్రయోగం మా పెళ్లయిన కొత్తలో, ఆయన పాఠాలు చెప్పే కాలేజీలో జరిగింది. కాలేజీ ఫ్రిజ్‌లో చోటు చాలక సగం గుడ్ల డబ్బాలు మా ఇంటి ఫ్రిజ్‌లో, పాలగిన్నె వెనక కాపురం పెట్టాయి. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచొద్దని నాకు ఒకే ఒక్క ఆజ్ఞ.

అవార్డు ఇచ్చే సభ ఇంకా వారం ఉందనగా ఆయన తన ప్రసంగం నాకు చదివి వినిపించారు. నేను బట్టలు మడతపెడుతూ వింటున్నాను. ఆ గుడ్లకు ఒక్కరోజు కూడా చలి తప్పనివ్వలేదన్న వాక్యం దగ్గర నా చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

ఎందుకంటే, నేను తప్పించాను.

ఆ రోజుల్లో ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టి తలుపు సరిగ్గా పడేది కాదు. ఒకరోజు ఆయన కాలేజీకి వెళ్లగానే ప్లగ్గు పీకి, డబ్బాలు వంటగట్టు మీద పెట్టి, అరలన్నీ కడిగాను. ఆరాక, డబ్బాల వరస కూడా చెదరకుండా మళ్లీ సర్దాను. ఆ శ్రద్ధకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయనకు చెప్పలేదు. ఫ్రిజ్ కడిగినందుకు ఏ ఇల్లాలైనా ఊరేగింపు తీస్తుందా?

రెండు రోజులు ఇదే ఆలోచన. చెబితే అవార్డు ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే ఆయన నిండు సభలో అబద్ధం చదువుతారు, అదీ నా పుణ్యమా అని. మూడోరోజు పొద్దున్న కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. పనివేళలో నేను కూర్చోవడం చూసి ఆయన పేపరు దించారు.

"ఏమండీ, ఆ గుడ్లున్నప్పుడు నేనోసారి ఫ్రిజ్ ఆపేశాను."

"ఎంతసేపు?"

"కడిగి ఆరబెట్టేదాకా. పొద్దుట్నించి సాయంత్రం దాకా అనుకోండి."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేశారు. "ఒక్కసారేనా?"

"ఒక్కసారే. నాకంత ఓపికెక్కడిది?"

లేచి గదిలోకి వెళ్లి, అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి తెచ్చారు. ఆయన పేజీలు తిప్పుతుంటే కాఫీ మీద మీగడ కట్టింది. చివరికి పుస్తకం నా వైపు తిప్పారు. కాలేజీ డబ్బాల్లో గుడ్లు నలభయ్యో రోజున పగిలాయి, ఇంటి డబ్బాల్లోవి నలభై ఒకటో రోజున, కారణం తెలియదు అని రాసి, కింద ఎర్రగీత కొట్టి ఉంది. అచ్చయిన వ్యాసంలోనూ ఆ మాట దాచలేదట. అడిగిన ప్రతివాళ్లకూ ఇన్నేళ్లుగా తెలియదనే చెబుతున్నారట.

నాకింకా బుర్రకెక్కలేదు. "అయితే పాడైనట్టా, కానట్టా?"

"పిచ్చిదానా, నువ్వు ఆపిన రోజుని అవి లెక్కలో వేసుకోలేదు. అందుకే ఇంకోరోజు ఆగాయి. అవి లెక్కపెడతాయని నేను చెప్పాను, నువ్వు రుజువు చేశావు."

అవార్డు ఉత్తరం చదివినప్పుడు ఈయన "ఊఁ, మంచిదే" అన్నారంతే. ఇప్పుడు ఆ ఎర్రగీత మీద వేలు పెట్టి, కాఫీ సంగతి మర్చిపోయి, పిల్లాడిలా నవ్వుతున్నారు. నాకు రెండు రోజుల తర్వాత ఆకలేసింది.

అక్కడికక్కడే ప్రసంగంలో ఆ వాక్యం కొట్టేసి, ఒకరోజు చలి తప్పిందనీ, ఆ రోజు నా భార్య ఫ్రిజ్ కడిగిందనీ రాశారు. కడిగింది అన్నదానికి ముందు శుభ్రంగా అని చేర్చమన్నాను.

సాక్ష్యం లేనిది రాయనన్నారు.