సున్నా వెయ్యని ఫారం

రాష్ట్ర కార్యాలయం నుంచి ఫారం వచ్చి నెలయింది. ఊళ్లో ప్రమాదకరమైన వ్యర్థాలు ఎక్కడ, రోజుకెంత పుడుతున్నాయో రాసిస్తే చాలు. వాటిని తీసుకెళ్లే బండి, మూతలున్న డ్రమ్ములు, ప్రణాళిక వేసిపెట్టే ఇంజినీరు, అన్నీ వాళ్లే ఇస్తారు. ఏమీ లేవంటే ఏమీ రావు. ఈమాత్రం మా మున్సిపల్ కమిషనరుగారి బుర్రకెక్కలేదంటే నేను నమ్మను.

"సున్నా వేసెయ్యమ్మా. ఊరి పరువు ఎందుకు తీస్తావ్?" అన్నారాయన.

నేను పారిశుద్ధ్య సూపర్‌వైజర్‌ని. మా కాలవలు తీసే మనిషిని పోయిన వారమే ఆస్పత్రిలో చూసొచ్చాను. బ్యాటరీల షెడ్డువాళ్లు పారబోసిన యాసిడ్‌లో దిగి, అరికాళ్ల తోలు ఊడి పడుకున్నాడు. తలూపడం నావల్ల కాలేదు.

"పదకొండు చోట్లున్నాయి సార్. రాస్తాను."

"రాయి మరి. మొదట ఆ బ్యాటరీల షెడ్డే రాయాలి. మీ అన్నయ్యదేగా."

ఒళ్లు మండిపోయింది. ఆయన అన్నది నిజం కావడమే నా మంట.

పదిచోట్ల బతిమాలో బెదిరించో లెక్క కనుక్కున్నాను. చివరికి షెడ్డుకెళ్లాను. అన్నయ్య సుత్తితో పాత బ్యాటరీ పగలగొడుతున్నాడు. పక్కన వదిన సీసం పలకలు ఏరుతోంది. ఫారం చూపించాను. డ్రమ్ములొచ్చేదాకా షెడ్డు మూయాల్సి వస్తుందని కూడా దాచకుండా చెప్పాను.

"నా పేరు కొట్టెయ్," అన్నాడు అన్నయ్య. "తోడబుట్టినదానివి."

"ఆస్పత్రిలో ఆ కాళ్లు చూశాక కొట్టెయ్యలేనన్నయ్యా. రోజుకెంత పారబోస్తున్నావో చెప్పు."

"చెప్పను. ఇక మా గడప తొక్కకు."

వదిన తలెత్తలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మెత్తబడి పేరు కొట్టేస్తానేమోనని గబగబా బయటికొచ్చేశాను.

మర్నాడు రాష్ట్ర ఇంజినీరు వచ్చి కమిషనరు గదిలో కూర్చుని ఫారం తిరగేశాడు. షెడ్డు వరుసలో లెక్క గడి ఖాళీగా ఉంది.

"ఇది నింపకపోతే ఫారం తీసుకోలేనమ్మా," అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు.

"నేను ముందే చెప్పాను. సున్నా వేసి పంపేద్దాం," అంటూ కమిషనరుగారు పెన్ను తీశారు. ఆ పెన్ను లాగేసుకున్నాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"ఆరు బకెట్లు," అని తలుపు దగ్గర్నుంచి వినిపించింది.

వదిన. షెడ్డులో కట్టుకునే చీరతోనే వచ్చింది. వేళ్ల నిండా యాసిడ్ మచ్చలు.

"రోజుకి ఆరు బకెట్లు. కాలవలో పోసేది నేనే. ఆ కాలవలు తీసే అతని కాళ్లు కాల్చింది కూడా నేనే."

"మీ ఆయన్ని అడిగే వచ్చావా?" అన్నారు కమిషనరుగారు.

"ఇంటికెళ్లి చెప్తాను," అంది వదిన. "ముందు మీరు రాసుకోండి."