ముసుగు తీయని బల్ల

మరుగుతున్న నూనె జూడ్ చేతిమీద ఒలికినప్పుడు పర్సిస్ పక్కనే ఉంది. తోలు ఊడిన ఆ చేతిని చూసి కూడా రెస్టారెంట్ యజమాని నతానియేల్ కారు తాళాలు తీయలేదు.

"హాస్పిటల్‌లో ఐడీ అడుగుతారయ్యా. ఏం చూపిస్తావు, కెనడా స్టూడెంట్ కార్డా?" అన్నాడు. పసుపు అద్ది గుడ్డ కట్టించాడు. రేపు చర్చిలో ప్రేమవిందు, వంట ఆగకూడదని చెప్పి వెళ్ళిపోయాడు.

వంటవాళ్ళంతా చదువుకని కెనడా వెళ్ళి, కాలేజీ మూతపడితే సరిహద్దు కాలువ దాటి దొంగచాటుగా అమెరికాలోకి వచ్చినవారే. తడిసిన బట్టలతో వణుకుతున్న వారిని ఇవతలి గట్టున కారెక్కించుకున్నది నతానియేలే. ఆనాడు దేవదూతలా కనిపించాడు. బైబిల్లోని ఆ బానిసత్వపు ఐగుప్తు ఈ గట్టున కూడా ఉంటుందని తరువాత తెలిసింది.

ఆదివారం రెడ్‌మండ్ చర్చి నేలమాళిగలో బిర్యానీ ఉడుకుతోంది. పైకప్పు గుండా కీర్తన వినిపిస్తోంది.

"వేళ్ళు నల్లబడుతున్నాయక్కా," అన్నాడు జూడ్.

"పైకెళ్ళి అందరి ముందూ అడుగుదాం," అంది పర్సిస్.

"అడుగు. నతానియేల్ ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి ఒక్క ఫోన్ కొడతాడు. నీకు ఫ్రీ ఫ్లైట్, విండో సీట్," అన్నాడు సత్యం, ఉల్లిపాయలు తరుగుతూనే.

"రేపు నీ చేయి కాలినా ఇలాగే జోకులేస్తావా అన్నా?"

సత్యం కత్తి ఆగింది.

పైన కీర్తన ముగిసింది. పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారి గొంతు వినిపించింది. "ప్రభువు బల్లను సమీపించే ముందు, సహోదరులతో ఎవరికైనా విరోధముంటే లేచి చెప్పండి. సమాధానపడి రండి."

ప్రతి నెలా అదే ప్రశ్న. వెంట కాసేపు మౌనం. ఆపైన బల్ల మీది ముసుగు తీసి, ప్రభువు పేరిట రొట్టె విరిచి పంచడం. ఆ మౌనం జవాబు కోసం విడిచిన చోటని ఆ సంఘంలో ఎవరికీ తోచలేదు.

పర్సిస్ ఏప్రన్‌తోనే మెట్లెక్కింది. వెనుక జూడ్. కత్తి కింద పెట్టి సత్యం. ఆ వెనుక వంటిల్లంతా.

"నాకుంది అయ్యగారూ."

తలలన్నీ తిరిగాయి. ఆమె జూడ్ చేతిని పైకెత్తింది. "నతానియేల్ అంకుల్ కిచెన్‌లో కాలిన చెయ్యి ఇది. డాక్టర్‌కి చూపించమంటే పోలీసులకి చూపిస్తానంటున్నారు."

సంఘపెద్దల వరుసలోంచి నతానియేల్ నవ్వుతూ లేచాడు. "టెన్షన్‌లో ఉన్నారు పిల్లలు. కిందికెళ్ళమ్మా పర్సిస్. నేనో కాల్ చేస్తే ఎక్కడ తేలతావో తెలుసుగా."

"చర్చిలో ఇమ్మిగ్రేషన్ గొడవలేంటండీ? మా గ్రీన్‌కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది," అని వెనుక వరుసలో ఒక ఇంజనీరు గొణిగాడు.

రిటైరైన నర్సు వసంతకుమారి గుడ్డ విప్పి చూసింది. "నీ గ్రీన్‌కార్డుకి టైముంది బాబూ. ఈ చేతికి లేదు. కారు తియ్యి."

ఇంజనీరు తలవంచుకుని తాళాలు తీసి, జూడ్‌ను బయటికి నడిపించాడు.

అయ్యగారు రొట్టె మీది తెల్లగుడ్డను తీయబోయి ఆగారు. నతానియేల్ వైపు చూసి, మళ్ళీ కప్పారు. "విరోధం తీరలేదు. ఈ ముసుగు తీయను."

ఆ పూట ప్రేమవిందుకు ఎవరూ కూర్చోలేదు.

నతానియేల్ అన్నంత పనీ చేశాడు. మర్నాటి ఉదయం వంటవాళ్ళ అపార్ట్‌మెంట్ ముందు ఇమ్మిగ్రేషన్ వ్యాన్ ఆగింది. అతడు అధికారులకు చెప్పింది ఒక్క పర్సిస్ పేరే. మిగిలినవారు వంటకు కావాలి. సత్యం గుమ్మానికి అడ్డం నిలిచాడు.

"విండో సీట్ నాదన్నావుగా. జరుగన్నా," అంది పర్సిస్.

ఆ రోజు నతానియేల్ రెస్టారెంట్‌లో పొయ్యి వెలగలేదు. మరునాడూ వెలగలేదు.

ఆదివారం నిర్బంధ కేంద్రంలో, కిటికీ లేని గదిలో కూర్చున్న పర్సిస్‌కు కీర్తన వినిపించింది. నేలమాళిగలో పైకప్పు గుండా వచ్చినట్టే ఇప్పుడు గోడ గుండా వస్తోంది. పోయిన వారం ముసుగు తీయని ఆ బల్లను సంఘస్థులు గేటు బయటికి మోసుకొచ్చారన్నమాట. అయ్యగారు మైకులో అదే ప్రశ్న అడిగారు.

మౌనం. ఆమె లేచి గోడకు చెవి ఆనించింది.

"నాకుంది." సత్యం గొంతు. "నాకుంది." వసంతకుమారి. తరువాత, కాస్త తడబడుతూ, ఆ వెనుక వరుస ఇంజనీరు. ఆపైన గొంతులను వేరుచేయడం ఆమె తరం కాలేదు.

పక్క మంచం మీది మెక్సికో స్త్రీ ఏమంటున్నారని సైగచేసింది. పర్సిస్ ఆ ఒక్క మాటా నేర్పింది. ఆమె మరొకతెకు నేర్పింది.

గది గదంతా లేచి, గోడవైపు తిరిగి, ఆ మాటే అంది.