తంబురా మోత లేచినప్పుడు

ఎనభై మూడో సంవత్సరం వేసవిలో పర్చూరులోని మా ఇంటి రేడియోకు నేనొక చిన్న సర్క్యూట్ అమర్చాను. తంతి తపాలా శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసినవాడికి అదేమంత పని కాదు. వార్తలు సన్నగానూ, వెంటనే వచ్చే ప్రకటనలు హోరుగానూ వినిపించడం వల్ల నా భార్య శ్యామలాంబ ప్రతిసారీ వంటింట్లోంచి లేచి వచ్చి మీట తిప్పవలసి వచ్చేది. ఆమె మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ అనే ఈ ఏర్పాటు ధ్వని తగ్గితే తానే పెంచుతుంది, పెరిగితే తానే తగ్గిస్తుంది. గొణిగినా, అరిచినా మన చెవికి చేరేది ఒకే స్థాయి.

పక్కింటి రైతు యలమందయ్య సంగతి విని, "ఆ మిషనేదో మా కోటిరత్నానికి కూడా బిగించండి ఇంజనీరుగారూ, పుణ్యముంటది" అన్నాడు.

"అరిస్తేనే వినపడట్లేదు ఈయనకి. నేను గొంతు తగ్గిస్తే గొడ్లకి కుడితెవరు పెడతారంట?" అని గోడవతల నుంచి అతని భార్య జవాబు.

ఆ కోటిరత్నమే తర్వాత బెజవాడలో కూతురింటికి వెళ్ళి వస్తూ ఒక కబురు తెచ్చింది. శ్యామలాంబ అక్కగారు బాలత్రిపురసుందరి అక్కడే ఒంటరిగా ఉంటుంది. రేడియోలో కచేరీలు చేస్తుంది.

"అక్కగారు బాగా చిక్కిపోయారమ్మా. మెట్లెక్కుతా రెండుసార్లు కూలబడ్డారంట. అడిగితే నాకేం కాలేదు, ఈ ఎండల్లో శ్యామలని రావద్దని చెప్పు, ఆదివారం పొద్దున రేడియోలో పాడుతున్నా, విని చూసుకోమను అన్నారు."

శ్యామలాంబ, "సరే, వింటాను. గొంతులో సత్తువ ఉంటే ఆగుతాను. లేకపోతే ఆ పూటే బయలుదేరదామండీ" అంది.

ఆమె ఆగిపోవాలనే నేను కోరుకున్నాను. మిరపకాయల ఘాటు నిండిన గాలిలో, నిలబడడానికైనా చోటులేని బస్సులో వెళ్ళి, గుంటూరులో దిగి మరో బస్సు పట్టుకునే ఓపిక నాకు లేదు. ఆ ఏడాది బంధువుల పరామర్శలకు తిరిగి తిరిగి ఇద్దరమూ డస్సిపోయి ఉన్నాము.

ఆదివారం కచేరీ మొదలైంది. స్టూడియో నుంచి నేరుగా ప్రసారం. ముఖారి రాగం. గొంతు నిండుగా వచ్చింది. శ్యామలాంబ ముఖం తేటపడింది.

"విన్నారా? అప్పటి గొంతు అలాగే ఉంది. కోటిరత్నం ఊరికే హడలగొట్టింది. ఇంక వెళ్ళక్కర్లేదులెండి" అని కాళ్ళు చాపుకుంది.

నేను తల ఊపబోయి ఆగాను. ప్రతి పాదం చివరా తంబురా మోత పైకి లేస్తోంది. తంబురా మీటేవారు అలా పెంచరు. పాడే గొంతు పడిపోతుంటే నా సర్క్యూట్ దానిని ఎత్తి పట్టుకుంటోంది. దానితో పాటు వెనకనున్న తంబురానూ ఎత్తుతోంది. మేము వింటున్న నిండుదనం వదినగారిది కాదు.

నేను నోరు మెదపకపోతే ఆ పూట ఇంట్లో హాయిగా పడుకోవచ్చు. అయినా లేచి, పెట్టె వెనకనున్న స్విచ్చి నొక్కి ఆ సర్క్యూట్‌ను తప్పించాను. గొంతు ఒక్కసారిగా సన్నబడింది. పై షడ్జం దగ్గర ఊపిరి అందక, స్వరాన్ని మధ్యలో వదిలి వయొలిన్‌కు అప్పగించిందామె.

"ఏం చేశారండీ? పాడుచేశారా?"

"లేదు శ్యామలా. ఇదే మీ అక్క గొంతు. ఇందాక విన్నది నేను బిగించిన సర్క్యూట్ పెంచి వినిపించింది."

ఆమె రేడియో వైపు కన్నార్పకుండా చూసింది. "అయితే ఇంతసేపూ పాడింది మీ డబ్బా అన్నమాట. ముందే చెప్పొద్దూ?"

"ఇప్పుడే గ్రహించాను."

చేతులు నేలకు ఆనించి లేచింది. సంచీలో రెండు చీరలు కుక్కింది. పాట పూర్తయ్యేదాకా ఆగుదామన్నాను.

"విన్నది చాలండీ. అక్కడ అక్క ఊపిరి బిగబట్టి పాడుతుంటే ఇక్కడ కూర్చుని తాళం వెయ్యనా? మీకు ఓపిక లేకపోతే ఉండండి, కోటిరత్నాన్ని తోడు తీసుకెళతా."

నేను చెప్పులు వేసుకున్నాను. రేడియో కట్టేయబోతే వారించింది.

"వద్దండీ. పాడుతున్న మనిషి నోరు మూసినట్టుంటుంది."

తలుపుకు తాళం వేశాక కూడా లోపల ఆ సన్నని గొంతు సాగుతూనే ఉంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఇద్దరమూ మెల్లగా బస్టాండు వైపు నడిచాము.