బీమా హోనా?

"అచ్చుతప్పులు చూడ్డానికి అంతసేపా?" అన్నాడు భర్త మాలిక్, కుర్చీ లాక్కుంటూ. ఆదివారం పొద్దున నస్రత్ ఒక చేత్తో అట్లు తిప్పుతూ, రెండో చేత్తో అరవై పేజీల రిపోర్టు తిరగేస్తోంది. మొదటి పేజీకి అప్పుడే నూనె మరక అంటుకుంది. "రెండో అట్టు మాడ్చావు చూడు" అని కూడా అన్నాడు. అతను తిన్నది మాడని అట్లే. మాడింది ఎవరు తింటారని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

నస్రత్ చిలకలూరిపేటలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. మార్టూరులో గ్రానైట్ రాయికి పాలిష్ పట్టడానికి ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీలకు ఆరోగ్య బీమా ఉందా, లేకపోతే కావాలా అని ఆ కాలేజీ పిల్లలు సర్వే చేశారు. రిపోర్టు రాసింది ఆమె డిపార్ట్‌మెంట్ హెడ్డు శివరామకృష్ణగారు. సర్వేతో సంబంధం లేని మనిషొకరు దాన్ని పరిశీలించి సంతకం చేయాలని రూలు. "ఏముందమ్మా, ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువ. అచ్చుతప్పులు చూసి సంతకం పెట్టెయ్యండి" అన్నారాయన. ఇదివరకు ఆయన రిపోర్టులు మూడింటిని మొదటి నుంచి చివరిదాకా తిరగరాసింది నస్రతే. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఇప్పుడేమో పేరు కావలసి వచ్చింది, బుర్ర అక్కర్లేదట!

రేపు ఆ రిపోర్టు గ్రానైట్ యూనిట్ల యజమానుల మీటింగుకు వెళ్తుంది. కూలీలందరికీ బీమా కట్టాలా వద్దా అన్నది దాన్ని చూసే తేలుస్తారు. చివరి పేజీలో మాట సూటిగా ఉంది: నూటికి తొంభైమంది బీమా వద్దన్నారు, వలస కార్మికులకు దీనిపై ఆసక్తి లేదు. నస్రత్‌కి నమ్మబుద్ధి కాలేదు. పొద్దస్తమానం రాతిపొడి పీల్చేవాళ్ళు ఆస్పత్రి ఖర్చు ఇంకొకరు పెడతామంటే ఎందుకు వద్దంటారు?

పిల్లలు నింపిన ఫారాలు తీసి అడుగున రాసినవి చదివింది. "దండం పెట్టి వద్దన్నాడు." "భార్య కోప్పడి లోపలికి లాక్కుపోయింది." "ఒకామె లెంపలేసుకుంది." బీమా అంటే లెంపలేసుకోవడమేమిటి? సర్వేకి వెళ్ళిన అఖిల అనే అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది, పొయ్యి కట్టేసే తీరిక లేక.

"మీరు వాళ్ళని ఏమని అడిగారమ్మా?"

"బీమా హోనా అని అడిగాం మేడమ్. ఆ మిషన్ల మోతలో ఏం వినపడి చస్తుంది! గొంతు చించుకుని అరిచాం."

వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తగారు జహీరున్నీసా ఆ మాట విని పగలబడి నవ్వింది. "హాయ్ అల్లా! బీమార్ హోనా అని వినపడుంటుందే వాళ్ళకి! మనమంటే కావాలనడానికి హోనా అంటాం. వాళ్ళ హిందీలో హోనా అంటే అవడం. ఏమయ్యా, జబ్బు పడతావా అని అడిగితే ఎవడు ఊఁ అంటాడే? లెంపలేసుకోక ఏం చేస్తారు!"

నస్రత్ కూడా నవ్వింది, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. ఆ నీళ్ళు మాత్రం నవ్వు ఆగాక కూడా ఆగలేదు. తనని అడిగే తీరూ ఇంతే కదా! బండి స్టార్ట్ చేశాక, ఆ మోతలోంచి "నీకేమన్నా కావాలా?" అంటాడు మాలిక్. ఏం వినపడుతుంది, ఏం చెప్తుంది? చెయ్యి ఊపుతుంది. "మా ఆవిడకి ఏమీ అక్కర్లేదు, ఏదీ అడగదు" అని చుట్టాలందరి దగ్గరా గొప్పగా చెప్తాడు. పీహెచ్‌డీలో చేరతానన్నప్పుడు "ఇప్పుడది అంత అవసరమంటావా?" అన్నాడు. ఆ ప్రశ్నకి లేదనక ఏమనాలి? పన్నెండేళ్ళుగా తను వద్దన్నవన్నీ నిజంగా వద్దనుకున్నవేనా? ఒళ్ళు మండింది. అట్లకాడ పక్కన పడేసి, శివరామకృష్ణగారికి ఫోన్ చేసింది.

"నేను సంతకం పెట్టనండి. ప్రశ్నే తప్పు సార్, జవాబులు పనికిరావు" అని జరిగింది చెప్పింది.

"రేపు మీటింగ్ పెట్టుకుని ఇప్పుడా అమ్మా చెప్పేది? మిమ్మల్ని చూడమన్నది అచ్చుతప్పులు!"

"చూశాను సార్. ఒక్క 'ర్' తేడా వచ్చింది. దాంతో నాలుగొందల మంది తమకి ఆస్పత్రే వద్దన్నట్టయింది. అదే రాసి, కింద నా పేరు పెట్టి పంపుతున్నా."

"సరే, మీటింగ్ వారం వాయిదా అడుగుతాను. మీరే వెళ్ళి అడిగి రండి మరి" అన్నారాయన విసుగ్గా. విసుక్కుంటే విసుక్కున్నాడు!

మంగళవారం "ఇవాళ వంట మీరు చూసుకోండి" అని మాలిక్‌కి చెప్పేసి, అఖిలని వెంటబెట్టుకుని మార్టూరు వెళ్ళింది. మధ్యాహ్నం మిషన్లు ఆగేదాకా బయటే కూర్చుంది. భోజనాల వేళ ఒడిశా నుంచి వచ్చిన సబిత అనే మనిషి టిఫిన్ డబ్బా కడుక్కుంటూ కనిపించింది. నస్రత్ వాళ్ళ హిందీ మాటలు కూడబలుక్కుంటుంటే సబితకి నవ్వొచ్చింది. "తెలుగులో అడుగు అక్కా. ఆరేళ్ళబట్టి ఇక్కడే ఉన్నా. ఎవరూ అడగరు."

నస్రత్ సిగ్గుపడింది. పక్కన కూర్చుని నిదానంగా అడిగింది: "రేపు నీకు దగ్గు ముదిరిందనుకో, ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చిందనుకో. ఆ ఖర్చుకి ఏమన్నా ఏర్పాటుందా?"

"లేదు. మా ఆయనకి కూడా లేదు." సబిత డబ్బా పక్కన పెట్టి ఆమె వంక చూసింది. "నీకుందా?"

నస్రత్‌కీ లేదు. కాంట్రాక్టువాళ్ళకి కాలేజీ ఇవ్వదు. మాలిక్ తన పేరునా తల్లి పేరునా తీసుకున్నాడు. "నీకేం, గుండ్రాయిలా ఉన్నావు" అన్నాడు ఆమెతో. ఆమె కూడా సరేనంది. వలస కూలీల ఆరోగ్యం మీద అరవై పేజీలు పరిశీలించిన మనిషికి ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నే తట్టలేదు.

కట్టలోంచి కొత్త ఫారం తీసింది. లెక్కలోకి రాదని తెలిసీ పేరు దగ్గర నస్రత్ అని రాసింది. 'పని' అన్నచోట చదువు చెప్పడం, పరిశోధన, వంట, ఇల్లు అని గడి పట్టకపోతే పక్కకి కూడా రాసింది. బీమా ఉందా? లేదు. కావాలా? కావాలి అని పెద్దగా రాసి, కాగితం సబిత ముందుంచింది.

"నాది చెప్పేశా. ఇప్పుడు నీది చెప్పు" అంది.