రెండు కాజాల మాస్కు

నేను ఒక మాస్కును. మందుల షాపులో గుత్తులుగా వేలాడే గుడ్డ మాస్కును కాను, ముక్కు మీద మాత్రమే కూర్చునే రకం. ముఖానికి ఆనే వైపు మెత్తటి సిలికాన్ దిండు, దానికొక చట్రం, చట్రాన్ని తలకు పట్టి ఉంచే పట్టీలు, మధ్యలోంచి ఒక పొడవాటి గొట్టం. గొట్టం అవతలి కొసన చిన్న మిషను ఉంటుంది. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే మనుషులకు ఆ మిషను గాలి పంపుతుంది. ఆ గాలిని దారి తప్పకుండా ముక్కులోకి చేర్చడం నా పని. అంతకు మించి నాకు ఏ విద్యా రాదు.

నన్ను పోతపోసిన ఊరి పేరు నాకు తెలియదు. సముద్రం దాటి వచ్చానని మాత్రం పెట్టె మీద రాసి ఉంది. అచ్చు చేసేముందు అక్కడివాళ్ళు వేల ముక్కుల్ని కొలిచారట. కూడి, భాగించి, ఒక సగటు ముక్కును కనిపెట్టారు. దానికి చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు రూపాలిచ్చారు. నేను మధ్యరకం. ఆ తరవాత నేను చూసినంతలో ఆ సగటు ముక్కు ఒక్కరికీ లేదు. మనుషులు లెక్కలు ఎంతో శ్రద్ధగా చేస్తారు. లెక్క తేలాక, అది ఎవరి గురించో మరిచిపోతారు.

కాకినాడలో ఒక డాక్టరుగారి ఆసుపత్రిలో, అద్దాల బీరువాలో కొన్నాళ్ళున్నాను. అక్కడ రోగులకు మాస్కులు కుదిర్చే పని గ్రేస్‌మణి అనే అమ్మాయిది. ఒక సోమవారం పొద్దున్న ఆమె దగ్గరికి రామచంద్రపురం నుంచి భార్యాభర్తలు వచ్చారు. పేర్రాజుగారు జాకెట్లు కుట్టే దర్జీ. ఆయన భార్య సత్యవేణిగారు అదే కొట్లో ఆయన పక్కన కూర్చుని హుక్కులు కుడతారు, కాజాలు తీస్తారు, ఇస్త్రీ చేస్తారు.

ఆవిడ రెండు నెలల కిందట ఎవరిదో పెళ్ళి జాకెట్టు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, అలాగే కునికిపోయారు. పట్టు మాడిపోయింది. ఆవిడ మణికట్టు కాలింది. అప్పటిదాకా గురక అని నవ్వుకున్న విషయాన్ని డాక్టరుగారు నిద్ర పరీక్ష చేసి లెక్కలో చెప్పారు. గంటకు ముప్ఫై ఎనిమిదిసార్లు ఊపిరి ఆగుతోంది, గుండె అలిసిపోయింది, ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు నిద్రలోనే ఆగిపోవచ్చు. ఆ మాట విన్నప్పటినుంచి పేర్రాజుగారు మెడలోని టేపు తియ్యడం మరిచిపోయినట్టున్నారు. ఆసుపత్రికి కూడా దానితోనే వచ్చారు.

"పడుకోండి పిన్నిగారూ," అంది గ్రేస్‌మణి. "కూర్చుని చూసుకుంటే సరిపోదు. పడుకుంటే బుగ్గలు పక్కకి జారతాయి. ముఖం మారిపోద్ది."

"అదీ మాట," అన్నారు పేర్రాజుగారు. "నిలబెట్టి కొలిచిన జాకెట్టు కూకుంటే పట్టేత్తాదండి. ఈ అమ్మాయికి పని తెలుసే."

"మీరు కాసేపు మాట్లాడకుండా ఉంటే ఇంకా బాగా తెలుద్దండి బాబాయిగారూ."

ఆమె ముక్కు కొలతలకు కోసిన అట్టముక్కలు ఆవిడ ముక్కుకు ఆనించి చూసింది. ముందు నోరూ ముక్కూ కలిపి మూసే మాస్కు పెట్టి గాలి వదిలింది. "బిందె బోర్లించినట్టుందమ్మా," అని సత్యవేణిగారు పీకేశారు. తరవాత ముక్కు కింద ఆనించి, రెండు చిన్న గొట్టాలు రంధ్రాల్లోకి పెట్టే రకం. దానికి ఆవిడ ఏడుసార్లు తుమ్మారు. మూడోది నేను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కుడివైపు తిరిగారు, ఎడమవైపు తిరిగారు. కొంతసేపటికి "ఇది పర్లేదు," అన్నారు. మాస్కుకు అంతకన్నా పెద్ద మెప్పు లేదు. ఉన్నట్టు తెలియకపోవడమే మా గొప్ప.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. అప్పుడది ఎవరికీ పొరపాటుగా కనిపించలేదు. ఆ పొద్దున్న గుండె పరీక్షలకు ముందు నర్సు బంగారమంతా తీసి పెట్టుకోమంది. సత్యవేణిగారు గాజులు, గొలుసుతోపాటు ముక్కుకు రెండు వైపులా ఉండే పుడకలు కూడా తీసి చేతిరుమాలులో మూటకట్టారు. గ్రేస్‌మణి కొలిచింది ఆ ఖాళీ ముక్కును. ఇంటికి వెళ్ళగానే ఆవిడ పుడకలు మళ్ళీ పెట్టేసుకున్నారు. ముక్కుపుడక లేకుండా పడుకోవడం ఆ ఇంటి ఆడవాళ్ళకు తెలియదు.

నేను కంగారుపడ్డాను. అదే ముఖం, అదే పట్టీ, అదే గాలి. కాని ఆసుపత్రిలో చక్కగా అంటుకున్న అంచు ఇక్కడ రెండు చోట్ల లేచిపోతోంది. గాలి సన్నగా ఈల వేస్తూ ఆవిడ కళ్ళలోకి కొడుతోంది. మిషను తెర మీద చిన్న ముఖం బొమ్మ ఒకటి ఉంటుంది. గాలి బయటికి పోకపోతే నవ్వుతుంది, పోతే మూతి ముడుస్తుంది. అది మొదటిరోజే మూతి ముడిచింది.

పేర్రాజుగారికి తెలిసిన మందు ఒకటే, బిగించడం. రోజుకు కొంచెం పట్టీ లాగారు. లాగినకొద్దీ ఈల పెరిగింది. వారం తిరిగేసరికి ఆవిడ ముక్కుదూలం మీద ఎర్రటి గాడి పడింది. కొట్టుకు వచ్చినవాళ్ళు "కళ్ళజోడు ఎప్పుడు కొన్నారండీ?" అని అడిగారు. మూడో వారంలో ఆవిడ నన్ను తీసుకెళ్ళి గుండీల సొరుగులో పెట్టేశారు.

"ఊపిరాడక పోతే పోతాను గాని, ఈ ఈల వింటా ఉండలేనండి."

ఆ సొరుగులో పది రోజులున్నాను. రకరకాల గుండీల మధ్య, ఎక్కడ తప్పానా అని ఆలోచిస్తూ. పదకొండో రోజున కొట్టులో ఏదో కిందపడిన చప్పుడైంది. ఆవిడ మళ్ళీ కునికారు. ఈసారి చేతిలో ఉన్నది కత్తెర. ఎవరికీ ఏమీ కాలేదు. కాని పేర్రాజుగారు కత్తెర తీసి పక్కన పెట్టి, సొరుగు లాగి నన్ను బయటికి తీశారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టు తలుపు దగ్గరికి వేసి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఆవిడను పడుకోబెట్టారు. నన్ను పెట్టి మిషను వేశారు. వేలు తడి చేసుకుని, నా అంచు చుట్టూ నెమ్మదిగా జరుపుతూ పోయారు. కుట్టు ఎక్కడ తప్పిందో వెతికినట్టే వెతికారు. తడివేలికి ఒకచోట గాలి చల్లగా తగిలింది. రెండోవైపు కూడా సరిగ్గా అక్కడే. ఆయన వంగి చూశారు. అక్కడ ముక్కుపుడక ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూస్తున్న ముఖం. రోజూ కనిపించేదాన్ని మనుషులు చూడరు.

"కొలత తీసినప్పుడు ఇవి ఉన్నాయే?"

ఆవిడ నన్ను కొంచెం పైకెత్తి, "నర్సమ్మ తియ్యమంది కదండీ," అన్నారు.

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "ఆది తప్పిచ్చావే సత్యవేణీ."

కొత్త జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టును ఆది అంటారు. ఆది తప్పితే ఎంత మంచి దర్జీ కుట్టినా అది వేరేవాళ్ళ జాకెట్టే. సముద్రం అవతల వేల ముక్కుల్ని కొలిచినవాళ్ళకు తెలియనిది నాకప్పుడు తెలిసింది. ముక్కంటే ముక్కొక్కటే కాదు.

"పడుకునేముందు తీసి, పొద్దున్న పెట్టుకో."

"మీ అమ్మగారు పెట్టిన పుడకలండి ఇవి. మీరుండగా తియ్యొద్దని చెప్పి పెట్టారు."

"నేనే చెప్తన్నాను కదా తియ్యమని."

"మీకోసం పెట్టుకున్నది మీరు చెప్తే తీసేత్తారా ఎవరైనా?"

"ఊపిరాగి నువ్వు పోతే అవి నాకెందుకే? కరిగించి ఉంగరం చేయించుకోనా?"

"చేయించుకోండి. మీ వేళ్ళకి బావుంటాది."

ఆయన లైనింగు గుడ్డల్లోంచి బాగా ఉతికి మెత్తబడిన తెల్లటి మల్లు ముక్క తీశారు. నా అంచు చుట్టూ సుద్దతో గీసుకుని, ముఖానికీ నాకూ మధ్య ఆనేలా ఒక తొడుగు కత్తిరించారు. పుడకలు వచ్చే చోట రెండు చిన్న కాజాలు తీశారు. కాజాలు ఎప్పుడూ సత్యవేణిగారి పని. పెళ్ళయినప్పటినుంచి ఆయన సూదితో కాజా తీయలేదు. రెండూ వంకరగా వచ్చాయి.

"ఎవరికైనా చూపిత్తే కొట్టు మూసుకోవాలండి," అన్నారు ఆవిడ. నవ్వుతూనే తొడుగు పెట్టుకున్నారు. పుడకలు ఆ కాజాల్లో ఒదిగాయి. ఆయన పట్టీలు బిగించలేదు, రెండు వేళ్ళు దూరేంత వదులు చేశారు. ఈల ఆగింది. గాలి ఇంకా కొంచెం పోతూనే ఉంది. బొమ్మ మూతి ముడుచుకునే ఉంది. సత్యవేణిగారు మాత్రం ఆ బల్ల మీదే నిద్రపోయారు. సాయంత్రం దాకా ఆయన తలుపు తెరవలేదు.

తరవాతి నెల గ్రేస్‌మణి మిషను చూసి, ఊపిరి ఆగడం గంటకు మూడుకు తగ్గిందని చెప్పింది. "కొంచెం లీకుంది, ఏం పర్లేదండి," అంది. తొడుగును వెలుతురుకు పెట్టి కాజాలు చూసి, పుడకలుండే మరో ఇద్దరు పేషెంట్లకు కుట్టిమ్మని అడిగింది. వాటికి కాజాలు సత్యవేణిగారు తీశారు. ఆవిడ తొడుగులకు మాత్రం ఆయనే తీసేవారు. ఎన్ని తీసినా వంకరే.

అలా ఆరేళ్ళు గడిచాయి. రోజూ పొద్దున్నే ఆవిడ నన్ను సబ్బునీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టేవారు. నా దిండు ఎన్నోసార్లు మార్చారు, పట్టీలు మార్చారు. మొదటినుంచి మిగిలింది చట్రం ఒక్కటే. మరి నేనెవరిని అని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. ఆవిడ నన్ను తడుముకుని తీసుకునే తీరు మారలేదు కాబట్టి నేను నేనే అనుకున్నాను.

శ్రావణమాసంలో ఒక ఉదయం పేర్రాజుగారు కుట్టుమిషను మీద తల వాల్చారు. జాకెట్టు కోసం వచ్చినావిడ, సూదిలోకి దారం ఎక్కిస్తున్నారనుకుని కొంతసేపు నిలబడిందట. ఆ ఇంట్లో ఊపిరిని లెక్కపెట్టడానికి ఒక మిషను ఉంది. ఆయన ఊపిరిని ఎవరూ లెక్కపెట్టలేదు.

పదకొండోరోజున ఆయన చెల్లెలు నాగరత్నంగారు పుడకలు తీసి, కాగితంలో చుట్టి వదినగారి చేతిలో పెట్టారు. కఠినంగా ఏమీ చేయలేదు. చెయ్యాల్సిన పని కాబట్టి చేశారు. ఆ రోజు సత్యవేణిగారు తొడుగు లేకుండా నన్ను పెట్టుకున్నారు. నా అంచు ముక్కు చుట్టూ చక్కగా అంటుకుంది. ఎక్కడా గాలి పోలేదు. ఆ ఇంట్లో మొదటిసారి బొమ్మ నవ్వింది.

నెల తరవాత నాగరత్నంగారు వదినగారిని కాకినాడ తీసుకెళ్ళారు. గ్రేస్‌మణి తెర చూస్తూ, "లీకు సున్నా పిన్నిగారూ. ఇంత బాగా ఎప్పుడూ..." అని తలెత్తింది. ఆ ముక్కును చూసింది.

"ఎంతసేపు పడుకున్నానో కూడా చెప్తాదా అమ్మా అది?" అని అడిగారు సత్యవేణిగారు.

"పెట్టుకున్న గంటలు చెప్తుందండి. నిద్ర చెప్పదు."

"అదీ. కొద్దిగా గాలి పోతే పర్లేదన్నావు కదా అప్పుడు?"

"పర్లేదండి. ఇప్పుడూ పర్లేదు."

నేను పాతబడ్డానని గ్రేస్‌మణి నాలాంటిదే కొత్త మాస్కు పెట్టెలో పెట్టి ఇచ్చింది. ఇంటికి రాగానే ఆవిడ ఆ పెట్టె పక్కన పెట్టి, అద్దం ముందు నిలబడి, కాగితం పొట్లం విప్పారు. పుడకలు రెండూ పెట్టుకున్నారు. గుమ్మంలోంచి నాగరత్నంగారు చూశారు.

"ఇదేంటొదినా?"

"మీ అన్నయ్య కుట్టింది ఈ ఆదికి కదమ్మా."

నాగరత్నంగారు వెళ్ళి పక్క వేశారు. సత్యవేణిగారు ఆయన చేసిన చివరి తొడుగు నాకు తొడిగి పడుకున్నారు. బొమ్మ మూతి ముడిచింది. ఆవిడ నిద్రపోయారు.

ఇప్పుడు నేను గుండీల సొరుగులో ఉన్నాను. ఈసారి నన్నెవరూ విసుగుతో పెట్టలేదు. పెట్టేముందు నా తొడుగును బల్ల మీద పరిచి, దాన్నే ఆదిగా పెట్టుకుని ఆవిడ కొత్త మాస్కుకు తొడుగు కత్తిరించారు. కాజాలూ తనే తీశారు. ముప్ఫై ఏడేళ్ళుగా ఆవిడ చేతిలో ఒక్క కాజా తప్పలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రెండూ మాత్రం, పాతవాటి పక్కన పెట్టి చూసుకుంటూ, కుట్టు కుట్టుకూ ఆగుతూ, వంకరగా తీశారు.