ఐస్ పెట్టెలో సీతాకోకచిలుకలు

మలుపు తిరిగేసరికి ఊదారంగు పువ్వు మీద పెద్ద పసుపు సీతాకోకచిలుక. పన్నెండు మంది దాని చుట్టూ మూగి, ముక్కు తగిలేంత దగ్గరగా ఫోన్లు పెట్టారు. అది కదలలేదు.

"అబ్బ, ఎంత బుద్ధిమంతురాలో! మా ఆయన కూడా ఫొటోకి ఇలా నిలబడడు," అంది ఎర్రటోపీ ఆవిడ. అందరూ నవ్వారు.

వెర్నా నవ్వలేదు. విస్కాన్సిన్‌లోని ఈ గడ్డిమైదానంలో వేసవి శనివారాలు పొద్దున్నే సీతాకోకచిలుకలు చూపిస్తూ జనాన్ని నడిపించినవాడు ఆమె భర్త ఆరిన్. ఇరవై రెండేళ్లు నడిపించి, మొన్న మార్చిలో పోయాడు. ఇప్పుడు దీనికి 'ఆరిన్ నడక' అని పేరు పెట్టారు. నడిపించేది కర్టిస్.

వెర్నా వేలితో ఆ రెక్కను తాకింది. మెడ కాలే ఎండలో అది చల్లగా ఉంది.

కర్టిస్‌ను పక్కకు పిలిచింది. "నీ భుజాన ఆ పెట్టెలో ఏముంది?"

"మంచినీళ్లండీ."

"తెరువు."

అతను తెరవలేదు. గొంతు తగ్గించాడు. "రెండు గంటలు కారు నడుపుకొని వస్తారమ్మా. ఒక్క ఫొటో దొరక్కపోతే మళ్లీ ఎవరొస్తారు? నిన్న వీటిని వలేసి పట్టి, చలికి కదలకుండా ఉంటాయని ఐస్‌లో పెట్టాను. నాలుగడుగులు ముందు నడిచి పూల మీద ఉంచుతాను. ఎండ తగిలితే అవే ఎగిరిపోతాయి."

"ఎగరకపోతే?"

"ఒకటీ అరా... అయినా, ఆరిన్ గారు మూడు గంటలు తిప్పి రెండు మిడతలు చూపించి పంపేవారట కదా!"

వెర్నా ముఖం కందిపోయింది. నిజమే, పంపేవాడు. ఏమీ కనబడని రోజున టోపీ తీసి అందరికీ క్షమాపణ చెప్పేవాడు. కనబడనిదాన్ని కనబడిందని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

"పెట్టె ఇలా ఇవ్వు."

ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన గొంతు అది. కర్టిస్ ఇచ్చేశాడు.

లోపల ఐస్ మీద నాలుగు కాగితపు పొట్లాలు. అందరి ఎదుటా విప్పి, లోపలి సీతాకోకచిలుకలను బండ మీద ఎండలో పరిచింది. నవ్వులు ఆగాయి.

"నా ఫొటో బాగానే వచ్చిందిగా," వెనకనుంచి ఎవరో గొణిగారు.

మూడు కాసేపు వణికి, వణికి, ఎగిరిపోయాయి. నాలుగోది కాళ్లు ముడుచుకునే ఉంది. ఎంతసేపు చూసినా లేవలేదు.

"దీన్నీ తీసుకోండి ఫొటో," అంది వెర్నా.

ఎవరూ తీయలేదు.

"వచ్చేవారం నుంచి మానేస్తానమ్మా," అన్నాడు కర్టిస్.

"మానకపోతే ఊరుకోను. ప్రతి శనివారం నీ వెనకే వస్తాను. ముందు ఆరిన్ పేరు తీసెయ్యి."

"ఆ పేరుతోనే కరపత్రాలు అచ్చయిపోయాయండీ, ఈ సంచిలోనే ఉన్నాయి. రెండు వందలు."

"ఉన్నవన్నీ ఇటివ్వు. కలం కూడా."

వెర్నా బండ పక్కన గడ్డిలో కూర్చుంది. మొదటి కరపత్రం మీద భర్త పేరును అడ్డంగా కొట్టేసింది. రెండోది తీసుకుంది.